ఒక మూర పక్కకు జరిగిన రాయి

నేను ఒక సర్వే రాయిని. రెండున్నర అడుగుల పొడవు, ఆరంగుళాల మందం, నెత్తి మీద ఒక కూడిక గుర్తు, ముందువైపు పద్నాలుగు అంకె. మనుషులు మనసు కరగనివాణ్ణి రాతిగుండె అంటారు, చదువు రానివాణ్ణి బండరాయి అంటారు, మాట విననివాడితో మాట్లాడటం రాయికి చెప్పుకున్నట్టే అంటారు. నాకు కోపం లేదు. కాకపోతే రాయికి చెప్పుకున్నదంతా రాయి వింటుందన్న సంగతి వాళ్ళకు తెలియదు. నేను చాలా విన్నాను. వినడం తప్ప నాకు వేరే పని లేదు, పైగా నాది మొదటినుంచీ ఆరా తీసే బుద్ధి.

నేను పుట్టింది గోదావరికి ఇవతల ఒక నల్లరాతి క్వారీలో. వల్లెపు తిరపతయ్య అనే వడ్డెర ఆయన నన్ను కొండనుంచి విడదీశాడు. ఆయన సుత్తి వేస్తుంటే ఆయన భార్య ఉలి పట్టుకునేది. నాలుగు పక్కలూ చదును చేయబోతే మూడోపక్క నేను ఆయన అనుకున్నచోట పగలలేదు. "ఇది తిక్కరాయే. దీనికి నచ్చినకాడనే పగుల్తది" అని ఆయన నన్ను కాలితో పక్కకు దొర్లించాడు. నా గురించి మనుషులు అన్న మొదటి మాట అదే. ఇంతవరకూ దాన్ని కాదనడానికి నాకు కారణం దొరకలేదు.

మేము నలభైమందిమి. ఒకటినుంచి నలభై దాకా అంకెలు చెక్కి, లారీలో వేసి, కాలువల ఆఫీసు గోదాములో పడేశారు. అక్కడ రెండేళ్ళు ఉన్నాం. గోదావరి నీళ్ళను ఏజెన్సీ పక్కగా మళ్ళించి కింద పొలాలకు తీసుకుపోయే కాలువ ఒకటి రాబోతోందనీ, దాని దారి చూపించడానికే మేమున్నామనీ అక్కడి గుమాస్తాల మాటల్లో విన్నాను. నాకు భలే గర్వంగా ఉండేది. మిగతా రాళ్ళు గోడలకూ మెట్లకూ పోతాయి. మేము నిలబడినచోటుకు నది వస్తుంది. అంతకన్నా గొప్ప ఉద్యోగం రాయికి ఏముంటుంది?

ఆ గర్వం ఎంత తెలివితక్కువదో తరవాత తెలిసింది.

సర్వేయరు పేరు కామేశం. సన్నటి మనిషి, నల్ల గొడుగు, చేతిలో ఎప్పుడూ ఫీల్డుబుక్కు. గీత తిన్నగా పోవడమే ఆయనకు ధర్మం, మోక్షం అన్నీను. చెట్టు అడ్డొస్తే కొట్టించేవాడు, పుట్ట అడ్డొస్తే తవ్వించేవాడు. "నా గీత దారం పట్టినట్టు ఉంటుంది" అని సాయంత్రం టీ తాగుతూ చెప్పుకునేవాడు. ఆయన దగ్గర చైనుమేను గంటా దానియేలు. తణుకు దగ్గర పల్లెటూరువాడు. గొలుసు లాగడం, జెండాకర్ర పట్టుకోవడం, మమ్మల్ని మోసి పాతడం, అన్నీ అతనే. తువ్వాలు మడిచి భుజం మీద వేసుకుని, దానిమీద నన్ను పెట్టుకుని మోశాడు. మెట్ట ఎక్కేటప్పుడు ఆయాసపడుతూ నాతో మాట్లాడేవాడు. "నువ్వు తిన్నావో లేదో గాని, బరువు మాత్రం పెళ్ళివారి గుండిగంత ఉన్నావు" అని ఒకసారి అన్నాడు. అతను నన్ను తిట్టినా నాకు బాగానే ఉండేది.

అలా పదమూడుగురు అన్నలను దారిలో దింపుకుంటూ ఊటలగుంపు చేరాం. ముప్ఫై ఇళ్ళ కోయగూడెం అది. గూడేనికి పడమట, ఇప్పచెట్ల మధ్య, నిలువు రాళ్ళు వరసగా ఉన్నాయి. ఒకటి నడుమెత్తు, ఒకటి మనిషెత్తు, ఇంకొకటి వంగిన ముసలాయన మాదిరి. కామేశం కొలతల మిషన్లోంచి చూస్తే ఆయన గీత సరిగ్గా వాటి నడుమనుంచి పోతోంది.

దానియేలు జెండా పట్టుకుని అక్కడ నిలబడి, చుట్టూ చూసి, వెనక్కి వచ్చాడు.

"బాబుగారూ, ఇవి ఊరికే పడున్న రాళ్ళు కాదండి. ఎవరో నిలబెట్టినవండి. కొన్నిటికి పసుపు కూడా ఉందండి."

"రాళ్ళు రాళ్ళే. ఎన్నున్నాయో లెక్కపెట్టు."

"ముప్ఫై ఒకటండి. ఇటు తూరుపుకి జరిపితే ఖాళీ నేలేనండి."

"నీకు గొలుసు ఇచ్చింది లాగమని, కాలువ గియ్యమని కాదు" అన్నాడు కామేశం. ఫీల్డుబుక్కులో ఒక వాక్యం రాశాడు. రాస్తూ పైకి చదివే అలవాటు ఆయనకు ఉంది కాబట్టి నేనూ విన్నాను. "బండరాళ్ళు ముప్ఫై ఒకటి. అడ్డంకి కాదు. తొలగించవచ్చు." గీత మీద ఒక మేకు దింపి, గొడుగు వేసుకుని ముందుకు వెళ్ళిపోయాడు. మేకు ఉన్నచోట నన్ను పాతడం దానియేలు పని.

అతను గునపం ఎత్తగానే ఒక ఆడమనిషి పరుగులాంటి నడకతో వచ్చింది. నలభై ఏళ్ళుంటాయి. ఆమె కారం జోగమ్మ అని తరవాత తెలిసింది.

"అయ్యా, ఆడ తవ్వమాకు. అది నా జాగ."

"నీ జాగానా అమ్మా? ఇక్కడ ఇల్లు కట్టుకుంటావా ఏంటి?"

"ఇల్లే అనుకో. ఇది మా ఆయన రాయి. మొన్న ఎండల్లనే పెట్టినం. నేను పోయినంక దీని పక్కన నాకు పెడతరు. నువ్వు తవ్వితే నేను యాడికి పోవాలె?"

దానియేలు గునపం దించాడు. మేకు వంక చూశాడు, దూరంగా చిన్నదైపోతున్న గొడుగు వంక చూశాడు. తరవాత అతను చేసిన పని నేను ఇన్నేళ్ళుగా తలుచుకుంటూనే ఉన్నాను. మేకు పీకాడు. మోచేయి నేలకు ఆనించి, వేళ్ళు చాపి, తూర్పుకు ఒక మూర కొలిచాడు. అక్కడ తవ్వాడు. గోతిలో నల్లటి, ఎర్రటి పాతకుండ పెంకులు నాలుగు వచ్చాయి. వాటిని ఏరి, తువ్వాలు అంచుతో తుడిచి, మళ్ళీ గోతిలోనే వేసి, వాటిమీద నన్ను నిలబెట్టి మట్టి దట్టించాడు.

"ఇది గవర్నమెంటు రాయమ్మా. పీకితే జైలు. చెప్పాలి కాబట్టి చెప్పానంతే, ఏమనుకోమాక."

"నాటిన రాయిని పీకేటోళ్ళు మాలో లేరయ్యా" అంది జోగమ్మ.

నిలబడ్డాను. ఎదురుగా ఒక రాయి, వెనక ఒక రాయి, పక్కన ఒక మూర ఖాళీ, ఆ ఖాళీకి అవతల జోగమ్మ పెనిమిటి రాయి. నది రావాలంటే వీళ్ళంతా లేచిపోవాలి. ఆ సంగతి నా నుదుటి మీదే చెక్కి ఉంది. కొత్తగా వచ్చిన ఇంట్లో, ఆ ఇల్లు పడగొట్టే కాగితం జేబులో పెట్టుకుని కూర్చున్నట్టుగా ఉండేది నాకు.

సర్వేవాళ్ళ గుడారం గూడెం పక్కనే వేశారు. నాలుగోనాడు దానియేలుకు చలిజ్వరం పట్టుకుంది. అయినా జెండా పట్టుకున్నాడు. నాకు కనిపించేంత దూరంలోనే పట్టుకున్నాడు. ఒళ్ళు వణుకుతుంటే జెండా వణికింది. "ఒరే, కదపకు. నా రీడింగు పోతుంది" అని కామేశం ఇటునుంచి అరిచాడు. దానియేలు కర్రను రెండు చేతులతో పట్టుకుని, దానికే ఆనుకుని కాసేపు నిలిపాడు. తరవాత కర్రతో సహా పడిపోయాడు. జోగమ్మ ఇంట్లో పడుకోబెట్టారు. ఆకుపసర్లు పోసింది, తడిగుడ్డలు వేసింది. జీపు కోసం కబురు పంపారు. మూడోనాడు మధ్యాహ్నం జీపు వచ్చేసరికి అతను లేడు. శవాన్ని తణుకు తీసుకుపోయారు. కామేశం కూడా ఆ జీపులోనే ఎక్కాడు. మిగతా సర్వే అవతలి చివరనుంచి వేరే పార్టీ చేసిందని విన్నాను.

గూడెంలో ఒక కట్టడి ఉంది. వాళ్ళ కప్పు కింద ప్రాణం పోయినవాడు ఎవడైనా సరే, వాడికి రాయి ఉండాలి. లేకపోతే వాడు ఎటు పోవాలో తెలియక గుమ్మాల దగ్గర తిరుగుతాడట. పెద్దలు కూర్చుని ఆలోచించారు. ఊరుకాని ఊరువాడు, చర్చీకి పోయేవాడు, అతనికి రాయి ఎక్కడ పెట్టాలి, ఎవరు మోసుకురావాలి? జోగమ్మ అంది, "ఆయన రాయి ఆయనే మోసుకొచ్చి ఆయనే నాటుకున్నడు గదా. మనకేం పని ఉంది?"

అలా నా ఉద్యోగం మారింది. మంచిరోజు చూసి, పోయినవాళ్ళందరి రాళ్ళకూ చేసినట్టే నాకూ ఆవుతోక కట్టారు, పసుపు మెత్తారు, ఇప్పసారా చుక్క పోశారు. "పొట్టిరాయి పడ్డది గొలుసాయనకు" అని ఎవరో అంటే, "మడిసి కూడా పొట్టేగదా" అన్నారు ఇంకెవరో. సర్కారు నౌకరు పైవాళ్ళ అనుమతి లేకుండా ఇంకో కొలువు చేయకూడదంటారు. నన్ను ఎవరూ అడగలేదు, నేనూ కాదనలేదు. జోగమ్మ జాగా తప్ప ఇక్కడ వరస నిండిందని, నా తరవాత పోయినవాళ్ళకు గూడేనికి అవతలి పక్క ఇంకో వరస మొదలుపెట్టారు.

ఆ తరవాత ఇరవై ఎనిమిదేళ్ళు కాలువ నిద్రపోయింది. ప్రభుత్వాలు మారాయట, ఫైలు ఎక్కడో పడిందట. మనుషుల తొందరంతా కాగితం మీదే అని నాకు అప్పుడు అర్థమైంది. ఆ ఇరవై ఎనిమిదేళ్ళూ నేను పక్కవాళ్ళ గురించి తెలుసుకునే పనిలో ఉన్నాను. ఏటా కొత్త ధాన్యం ఇంటికి రాగానే, తాము ముద్ద నోట పెట్టకముందే, గూడెంవాళ్ళు ఆకుల్లో కొత్తన్నం తెచ్చి మా ముందు పెడతారు. మొదటి రాయినుంచి చివరి రాయి దాకా పేర్లు చెప్తారు. మధ్యనుంచి మొదలుపెట్టకూడదు. ఎవరైనా అడ్డుపడితే మళ్ళీ మొదటినుంచి. రెండేళ్ళలో నాకు పేర్లన్నీ నోటికి వచ్చేశాయి. ఎవరు వేటలో పోయారు, ఎవరు ప్రసవంలో పోయారు, ఎవరు అత్తతో తగువుపడి ఏటవతల గూడేనికి పోయి ముసలితనంలో తిరిగొచ్చారు, అన్నీ తెలిశాయి. ఒక్క మొదటి రాయి సంగతే తెలియలేదు. దాని చుట్టూ నేలలో సగం కూరుకుపోయిన గుండ్రాళ్ళు ఉన్నాయి. దానికి పేరు లేదు. "ముందటాయన" అంటారంతే. వీళ్ళు ఈ నేలకు రాకముందే ఆయన ఉన్నాడట. మనవాడు కాదని తెలిసినా వీళ్ళు ఆయనకు కూడా అన్నం పెడతారు. ఆ రాతిని ఎవరు నిలబెట్టారు, ఏ భాషలో ఏడ్చారు అని నేను ఎన్నో మధ్యాహ్నాలు ఆలోచించాను. ఆ రాయి మాత్రం ఒక్క మాట చెప్పలేదు. మా జాతి లక్షణం.

ఒక మాఘమాసంలో కాలువ నిద్రలేచింది.

మొదట వచ్చింది ఏఈ భార్గవ. ముప్ఫై ఏళ్ళవాడు, మూడుకాళ్ళ మిషను, జేబులో రెండు ఫోన్లు. పాత మ్యాపు చేతిలో పట్టుకుని పద్నాలుగో నంబరు రాయికోసం వెతికాడు. పదమూడు దొరికింది, పదిహేను దొరికింది. పద్నాలుగు దొరకదే. "ఇక్కడే ఉండాలయ్యా" అంటూ ఇద్దరు మనుషుల చేత గడ్డంతా పీకించాడు. అలిసిపోయి నా నెత్తిమీద కూర్చుని నీళ్ళు తాగాడు. ఇరవై ఎనిమిదేళ్ళ పసుపు, నూనె, మసి నామీద అట్ట కట్టి ఉన్నాయి. నేను సర్కారు రాయినని కనిపెట్టడం నన్ను చెక్కిన తిరపతయ్యకు కూడా అయ్యేపని కాదు.

కానీ ఈసారి రూలు మారింది. తవ్వకముందు ఆ నేలలో పాతకాలంవి ఏమున్నాయో పురావస్తువాళ్ళు నడిచి చూడాలి, గూడెంవాళ్ళు గ్రామసభలో ఒప్పుకోవాలి. అందుకని హైమావతి అనే ఆమె వచ్చింది. నేను అంత వింతగా నడిచే మనిషిని ఎప్పుడూ చూడలేదు. ఒక చివరనుంచి ఇంకో చివరకు తిన్నగా, తల వంచుకుని, నాలుగడుగులకు ఒకసారి ఆగుతూ నడుస్తుంది. చివరకు పోయి, రెండడుగులు పక్కకు జరిగి, మళ్ళీ వెనక్కి. మినుములు ఏరినట్టు నేలను ఏరింది. ముందటాయన దగ్గర ఒక పెంకు కనబడితే తీసి, అటూ ఇటూ తిప్పి చూసి, ఫోటో తీసి, తీసినచోటే, తీసినట్టే పెట్టేసింది.

ఇప్పచెట్టు కింద కూర్చుని ఇదంతా చూస్తున్న జోగమ్మ అప్పుడు లేచి వచ్చింది. ఆమెకు డెబ్బై దగ్గర పడుతున్నాయి.

"ఎందుకు పెట్టేసినవు బిడ్డా? కావాలంటే తీస్కపోవచ్చు గదా."

"ఎక్కడ ఉందో అక్కడ ఉంటేనే అది ఏదైనా చెప్తుందమ్మా. నా సంచీలో వేసుకుంటే వట్టి పెంకే."

జోగమ్మ ఆమె పక్కన కూర్చుంది. "రాస్కో" అంది. ముందటాయననుంచి పేర్లు మొదలుపెట్టింది. పద్దెనిమిదో పేరు దగ్గర, పక్కనే నిలబడ్డ భార్గవ ఫోను మోగింది. జోగమ్మ ఆగి, మళ్ళీ ముందటాయన దగ్గరికి పోయింది. ఇరవై నాలుగో పేరు దగ్గర రెండో ఫోను మోగింది. హైమావతి చేయి చాపి రెండు ఫోన్లూ తీసుకుని, ఆపేసి, తన సంచీలో వేసుకుంది. మూడోసారి చివరిదాకా వచ్చారు. ముప్ఫై ఒకటోది జోగమ్మ పెనిమిటి, కారం బీమయ్య. ముప్ఫై రెండోది నేను.

"దానియేలు" అంది జోగమ్మ.

హైమావతి కలం ఆగింది. "దానియేలా? ఎవరమ్మా ఈయన?"

"గొలుసాయన. మీ దిక్కునుంచే వచ్చిండు. మా ఇంట్ల పోయిండు."

హైమావతి నన్ను వేళ్ళతో తడిమింది. నా పక్కలు చదునుగా ఉన్నాయి, మిగతావాళ్ళవి లేవు. తుడవచ్చా అని అడిగింది. "తుడువు, మల్ల పూస్కుంటం" అంది జోగమ్మ. తడిగుడ్డతో, కుంచెతో అరగంట పట్టింది. ఒకటి అనే అంకె బయటపడింది, తరవాత నాలుగు.

నాకు అంత సిగ్గు ఎప్పుడూ వేయలేదు. కాలువ ఇటేనని ఇన్నేళ్ళుగా దాచుకున్న మాట అందరిముందూ పడింది. భార్గవ వంగి చూసి, "అమ్మయ్య, దొరికింది" అన్నాడు. జోగమ్మ ఆ అంకె వంక చూసింది. ఆమెకు చదువు రాదు. కానీ అతని ముఖం చదవగలిగింది.

భార్గవ చెడ్డవాడు కాదు. రాళ్ళను క్రేనుతో జాగ్రత్తగా ఎత్తి, రోడ్డుపక్క సిమెంటు దిమ్మెలమీద నిలబెట్టి, చుట్టూ కమ్మీలు వేసి, బోర్డు పెట్టిస్తానన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు.

"రాయిని లేపుతవు సారు. కిందోళ్ళను ఎట్ల లేపుతవు?" అంది జోగమ్మ. "ముందటాయన కాళ్ళు యాడికున్నయో నీకు ఎరికేనా?"

అతను తల గోక్కున్నాడు. తరవాత మిషను పెట్టి చూస్తే ఇంకో చిక్కు వచ్చిపడింది. పదమూడుకూ పదిహేనుకూ మధ్య గీత గీస్తే నేను దానిమీద లేను. అరమీటరు తూర్పుకున్నాను. అంటే నన్ను ఎవరో పీకి మళ్ళీ పాతారా? అదే నిజమైతే నేరం. అంతకన్నా కష్టం ఏమిటంటే, రాళ్ళు కదల్చకూడదంటున్నవాళ్ళే ఒక రాయిని కదిల్చినట్టవుతుంది. ఇక వాళ్ళ మాటకు గ్రామసభలో విలువేముంటుంది? సంగతి తేల్చడానికి, ఎప్పుడో రిటైరైన సర్వేయరు కామేశాన్ని పిలిపించారు.

గ్రామసభ మా పక్కనే, ఇప్పచెట్ల కింద జరిగింది. గూడెమంతా వచ్చింది. కామేశం కర్ర పట్టుకుని కారు దిగాడు. జుట్టు తెల్లబడింది, గొడుగు మాత్రం అలాంటిదే. నన్ను చూశాడు, మిషన్లోంచి చూశాడు, పాత ఫీల్డుబుక్కు తిరగేశాడు.

"నా గీత తప్పదు. ఈ రాయిని పీకి పాతారు" అన్నాడు.

జనంలో గుసగుస లేచింది. గూడెం పటేలు ముఖం వాడిపోయింది. భార్గవ కాగితం మీద ఏదో రాసుకోబోయాడు. నాకు నోరు లేకపోవడం అంత బాధగా ఇంకెప్పుడూ అనిపించలేదు. ఒక్క మాట చాలు. ఆ ఒక్క మాట చెప్పలేను.

జోగమ్మ కూర్చున్నచోటనుంచే అంది, "పీకలే సారు. నాటిననాడే జరిపిండు. నువ్వు మేకు కొట్టి పోయినవు. ఆ మేకు నా జాగల పడ్డది. మా ఆయన పక్కన నా జాగ. తవ్వొద్దన్న. ఇగో ఇట్ల మోచెయ్యి పెట్టి, ఒక మూర కొలిచి, ఇటు నాటిండు."

"ఎవరు జరిపింది?"

"దానియేలు."

"ఏ దానియేలు?"

"మీ దానియేలే. జెండ పట్టుకుని వణికిండు, నువ్వు కదపొద్దంటివి. ఇది ఆయన రాయే గదా సారు. ఇరవై ఎనిమిదేండ్లసంది అన్నం పెడ్తున్నం. నీకు ఎరుక లేదా?"

కామేశం పక్కన ఎవరో కుర్చీ జరిపితే అందులో కూర్చున్నాడు. నా మెడలో వేలాడుతున్న తోకను, నా కాళ్ళ దగ్గర ఎండిన విస్తరిని చూస్తూ ఉండిపోయాడు. తరవాత ఫీల్డుబుక్కు తెరిచి, ఆ పేజీ వెతికి, అలవాటుకొద్దీ పైకే చదివాడు. "బండరాళ్ళు ముప్ఫై ఒకటి. అడ్డంకి కాదు. తొలగించవచ్చు."

"లెక్క సరిగ్గానే ఉంది" అన్నాడు చివరికి. "లెక్కపెట్టింది వాడు. రాసింది నేను. ఇవి ఊరికే పడున్నవి కావని వాడు చెప్పాడు. తూర్పుకు జరపమని కూడా చెప్పాడు." భార్గవ వైపు తిరిగి అన్నాడు, "కాలువ ఇక్కడ తూర్పుకు వంపు తిరిగితే ఏమవుతుంది?"

"పొడవు కొంచెం పెరుగుతుంది సార్. డ్రాయింగులు మళ్ళీ వేయాలి. నేల అయితే అటు బాగానే ఉంది."

"మరి ఇన్నాళ్ళూ ఎందుకు ఎవరూ వేయలేదు?"

"మీ గీత తిన్నగా ఉంది కదా అని సార్."

కామేశం తెల్లకాగితం అడిగి తీసుకుని రాయడం మొదలుపెట్టాడు. ఈసారి చాలా నెమ్మదిగా చదువుతూ రాశాడు. "నేను సర్వే చేసినప్పుడు బండరాళ్ళు అని రాసినవి బండరాళ్ళు కావు. ఊటలగుంపు గ్రామస్థులు చనిపోయినవారికి నిలిపిన రాళ్ళు. అప్పుడే నాకు చెప్పారు. నేను వినలేదు. మొత్తం ముప్ఫై రెండు. వీటిలో పద్నాలుగో నంబరు సర్వే రాయి కూడా ఉన్నది." కింద సంతకం పెట్టి, ఆ కాగితం జోగమ్మకు ఇచ్చాడు. ఆమె అది హైమావతి చేతిలో పెట్టింది. గూడెం పటేలు లేచి, "కాలువ వద్దనలే మేము. మాకూ నీళ్ళు కావాలె. పక్కకు పొమ్మంటున్నం, అంతే" అన్నాడు. సభ తీర్మానం కూడా అదే. అందరూ వేలిముద్రలు, సంతకాలు వేశారు.

ఉత్తర్వు రావడానికి ఎనిమిది నెలలు పట్టింది. హైమావతి రిపోర్టులో ముందటాయన వయసు రెండువేల ఏళ్ళకు పైమాటే అని ఉందట. ఆయన పేరేమిటో మాత్రం ఆమెకూ తెలియలేదు. కాలువ తూర్పుకు వంపు తిరిగింది. వంపు దగ్గర కొత్త పద్నాలుగో నంబరు రాయి పాతారు. నున్నటి సిమెంటు రాయి. మాకు ఇంకా పరిచయం కాలేదు.

అందరూ గట్టెక్కాక నాకు గండం వచ్చింది. రద్దయిన సర్వే రాయిని పీకేయాలని రూలు. ఒకే నంబరుతో రెండు రాళ్ళుంటే రేపు ఎవడో దారి తప్పుతాడట. భార్గవ ఇద్దరు మనుషులతో, గునపంతో వచ్చాడు. ధ్రువీకరించడానికి కామేశం కూడా వచ్చాడు. ఆ రోజే గూడెంలో కొత్తన్నం పెట్టే రోజు. జోగమ్మ ఆకు పట్టుకుని నా ముందే ఉంది.

"ఆ కాయితంల ముప్ఫై రెండని రాసింది గదా సారు."

"రాసిందమ్మా. ఆ లిస్టు ప్రకారం ఉంచాలి. ఈ లిస్టు ప్రకారం పీకాలి" అన్నాడు భార్గవ. అతనికి నిజంగానే మింగుడు పడటంలేదు. గునపం మొన నా కాలి దగ్గర మట్టికి తగిలింది. దానియేలు దట్టించిన మట్టి అది. నాకు భయం వేసింది. రాయికి భయం ఏమిటంటారా? ఇరవై ఎనిమిదేళ్ళు పేరు పెట్టి పిలిచి అన్నం పెట్టించుకుని చూడండి, అప్పుడు చెప్పండి.

"ఆపండి" అన్నాడు కామేశం. "ఎవరి దగ్గరన్నా ఉలి ఉందా?"

గూడెంలోనుంచి ఉలి, సుత్తి తెచ్చారు. ఆయన నా ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుని నా అంకెను చెక్కి చెరిపేయడం మొదలుపెట్టాడు. సర్వేయరుకు రాతిపని ఏం తెలుసు? రెండుసార్లు వేలు కొట్టుకున్నాడు. నేను ఆయనకు కావలసినచోట పగలలేదు, నాకు నచ్చినచోట పగిలాను. గంటకు పైగా పట్టింది. కూడిక గుర్తు కూడా తీసేశాడు. పొడి ఊదేసి, "నంబరు లేని రాయి మన శాఖది కాదు. రాసుకో" అన్నాడు. భార్గవ రాసుకున్నాడు. గునపం వెనక్కి పోయింది.

కామేశం లేవలేదు. జోగమ్మ చేతిలోని ఆకు చూశాడు. "నేను పెట్టవచ్చా అమ్మా?" అని అడిగాడు. ఆమె ఆకు ఆయన చేతికి ఇచ్చింది. నా ముందు పెట్టాడు. పెట్టి, ఏం చేయాలో తోచక ఆమె వంక చూశాడు.

"ఏం చెప్పాలి?"

"పేరు పెట్టి పిలువు. ఇంకేం అక్కర్లే."

నేను గోదాము దాటినరోజునుంచి ఆ జీపు వెళ్ళిపోయినరోజు దాకా ఆయన మాటలన్నీ విన్నాను. "ఒరే" అనేవాడు, "ఒరే చైనూ" అనేవాడు. అతని పేరు ఆయన నోట ఒక్కసారి కూడా వినలేదు.

"దానియేలూ" అన్నాడు. మళ్ళీ కొంచెం గట్టిగా, దూరంగా జెండా పట్టుకున్నవాణ్ణి పిలిచినట్టుగా పిలిచాడు. "దానియేలూ, ఇంక దించెయ్యి."

జోగమ్మ ఆయన భుజం మీద చెయ్యి వేసింది. "విన్నడు లే సారు. ఇగ నువ్వు కూడ తిను" అని ఇంకో ఆకు పరిచింది. ఆయన బీమయ్య రాయికీ నాకూ మధ్య ఉన్న ఖాళీ మూర తొక్కకుండా పక్కకు జరిగి, నేలమీద కూర్చుని తిన్నాడు.